కిల్టు ఇబ్బంది పెడుతోందంటే కట్టడంలోనే తేడా ఉంది

స్కాట్లండ్‌లో పెళ్ళికో, పట్టా అందుకునే రోజుకో కిల్టు (అక్కడి మగవాళ్ళు నడుముకు చుట్టుకునే కుచ్చిళ్ళ ఉన్నిబట్ట) అద్దెకు తీసుకున్నవాళ్ళ నోట తరచుగా వినపడే మాట ఒకటుంది: "ఫొటోలు దిగేదాకా బాగానే ఉంది, ఆ తర్వాత ఎప్పుడు విప్పేద్దామా అనిపించింది." గ్లాస్గో, ఎడిన్‌బరోల్లో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళూ ఇదే అంటారు. నడుం దగ్గర నిలవదు, జారిపోతుంది. నడిచినప్పుడల్లా స్పోరన్, అంటే ముందు వేలాడే సంచి, తొడలకు కొట్టుకుంటుంది. దాని పట్టీ తుంటి ఎముక మీద ఒరుసుకుంటుంది. కూర్చోవాలంటే భయం. ఇవన్నీ ఏకరువు పెట్టి, చివర్లో "సంప్రదాయ దుస్తులు కదా, ఆ మాత్రం ఓర్చుకోవాలి" అని సర్దుకుంటారు.

ఓర్చుకోనక్కర్లేదని నా వాదన. కిల్టు విషయంలో సరైన పద్ధతి వేరు, సుఖమైన పద్ధతి వేరు అన్న విభజనే తప్పు. మర్యాద పేరుతో చెలామణీ అయ్యే నియమాల్లో ఎక్కువ భాగం బట్ట బరువులోంచి పుట్టినవి. ఇంత బరువైన ఉన్నిబట్ట ఒంటి మీద ఎక్కడ ఆనాలి, ఎక్కడ వదులుగా ఉండాలి అన్న ప్రశ్నకు కుట్టేవాళ్ళు, కట్టేవాళ్ళు తేల్చుకున్న జవాబులవి. అన్నీ అలాంటివేనని అనను. కొన్ని ఉత్త అలవాట్లే, వాటి సంగతి తర్వాత చూద్దాం. ఇబ్బంది పెట్టేవి మాత్రం దాదాపు ఎప్పుడూ మొదటి రకం నియమాలు తప్పినప్పుడే.

నడుము ఎక్కడుంది?

నిండు కిల్టుకు 8 గజాల బట్ట పడుతుంది, అంటే 7 మీటర్ల పైచిలుకు. మంచి ఉన్ని టార్టన్ (కిల్టుకు వాడే గళ్ళబట్ట) గజానికి 13 నుంచి 16 ఔన్సులు తూగుతుంది. మన పంచెకు కుచ్చిళ్ళు ముందుంటాయి, కిల్టుకు వెనక. ముందు భాగంలో ఉండేది ఒకదాని మీద ఒకటి పడే రెండు సాదా పొరలు మాత్రమే, లోపలి ఏప్రన్, పై ఏప్రన్. కాబట్టి బరువంతా వెనకనుంచి కిందికి లాగుతూ ఉంటుంది. దాన్ని ఆపగలిగే చోటు శరీరంలో ఒకటే: బొడ్డుకు సమానంగానో ఓ అంగుళం పైనో, ఒళ్ళు సన్నబడి మళ్ళీ తుంటి దగ్గర వెడల్పయ్యే చోటు. ఆ వెడల్పు మీద ఆనితేనే కిల్టు తన బరువుతో తానే నిలబడుతుంది.

ఇవాళ్టి ప్యాంట్లు అంతకన్నా చాలా కిందుగా, తుంటి ఎముకల మీద కూర్చుంటాయి. మనకు నడుమంటే అదేనని చేతులు అలవాటు పడిపోయాయి. కిల్టు కొలత అడిగినప్పుడు ప్యాంటు సైజు చెప్పెయ్యడం అన్ని తిప్పలకూ మొదలు. బొడ్డు దగ్గర కొలత సాధారణంగా ప్యాంటు సైజు కన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువే వస్తుంది. తక్కువ చెప్పి తెప్పించుకున్న కిల్టు పైన పట్టదు, అప్పుడు దాన్ని కిందికి దించి కట్టుకుంటారు.

కిందికి దించితే ఏమవుతుందో కుట్టు చూస్తే తెలుస్తుంది. కుచ్చిళ్ళు పైనుంచి కిందిదాకా వదులుగా ఉండవు. నడుము నుంచి పిరుదుల వెడల్పు భాగం వరకూ వాటిని కుట్టేస్తారు. ఆ కుట్టు కూడా పైన ఇరుగ్గా మొదలై కిందికి విచ్చుకుంటూ, ఒంటి ఒంపుకు సరిపడేలా సాగుతుంది. రెండు మూడు అంగుళాలు దిగిపోయిందంటే పిరుదుల కోసం వదిలిన వెడల్పు తొడల మీదికొస్తుంది, నడుము కోసం చేసిన ఇరుకు పిరుదుల మీద బిగుస్తుంది. కుచ్చిళ్ళు తెరుచుకోవాల్సిన చోట తెరుచుకోవు. అడుగు వేస్తే వెనక బట్ట ఊగకుండా పలకలా కదులుతుంది. అంచు మోకాళ్ళు దాటి దిగుతుంది. ఇక రోజంతా పైకి లాక్కోవడమే పని.

కొలత తీసేటప్పుడు రెండో మనిషి ఉండాలి. నడుము బొడ్డు దగ్గర, పిరుదులు బాగా వెడల్పున్న చోట, పొడవు నడుము నుంచి మోకాలిచిప్ప మధ్య దాకా. పొడవు మనకు మనం తీసుకుంటే తప్పకుండా తేడా వస్తుంది, ఎందుకంటే టేపు కింద ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి తల వంచగానే ఒళ్ళు ముందుకు వాలుతుంది. అద్దం ముందు కూడా ఇదే సంగతి: వంగి అంచు చూసుకునేవాళ్ళకు కిల్టు ఎప్పుడూ కిందికి జారినట్టే కనిపిస్తుంది. నిటారుగా మోకాళ్ళ మీద నిలబడితే అంచు నేలను తాకీ తాకనట్టుగానో, ఓ అంగుళం ఎత్తులోనో ఆగాలి. లేచి నిలబడ్డాక అది మోకాలిచిప్ప పై భాగానికీ మధ్యకూ నడుమ ఉంటుంది. సంప్రదాయ కిల్టుకు కింద మడత కుట్టు ఉండదు, నేత అంచే దాని అంచు. అది మోకాలి వెనక మడత దగ్గర పడిందంటే నడిచినంతసేపూ చర్మాన్ని గీరుతూనే ఉంటుంది, వానలో తడిస్తే మరీను. అంచు మోకాలి దగ్గరే ఆగాలన్న పట్టుదలకు అందం ఒక కారణం, ఈ రాపిడి ఇంకో కారణం.

మూడు పట్టీలు, రెండు రకాల బిగింపు

కుచ్చిళ్ళు వెనక్కి వచ్చేలా కిల్టును నడుము చుట్టూ పట్టుకుని, ముందుగా కుడిచేతిలోని అంచును పొట్ట మీదుగా ఎడమ తుంటి దాకా తీసుకెళ్ళాలి. ఎడమ పక్కన కిల్టులోనే ఒక చిన్న చీలిక ఉంటుంది. లోపలి ఏప్రన్ కొసనున్న తోలు పట్టీని అందులోంచి బయటికి తీసి ఎడమ బకిల్‌కు పెట్టాలి. ఆ తర్వాత ఎడమచేతిలోని అంచు కుడివైపుకు వస్తుంది, అదే పై ఏప్రన్, పోగులు వదిలిన అంచు దానిదే. కుడివైపు నడుము దగ్గరొక బకిల్, తుంటి దగ్గరొక బకిల్. కొన్ని కిల్టులకు ఈ తుంటి బకిల్ ఉండదు.

మోసేది లోపలి పట్టీ. కొత్తవాళ్ళు దాన్ని నామమాత్రంగా పెట్టి, కనిపించేది కాబట్టి బయటి పట్టీని గట్టిగా లాగుతారు. గంట గడిచేసరికి లోపలి ఏప్రన్ ఓ మూల దిగి, పై ఏప్రన్ కింద నుంచి తొంగిచూస్తుంది. రెండు ఏప్రన్ల పై అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో బకిల్ పెట్టే ముందే వేళ్ళతో తడిమి చూసుకోవాలి. నడుము పట్టీలు రెండూ బిగువుగా, శ్వాసకు అడ్డం రాకుండా ఉండాలి. తుంటి పట్టీ మాత్రం అసలు బిగించకూడదు. దాని పని ఏప్రన్‌ను చదునుగా ఉంచడం వరకే. దాన్ని లాగితే వెనక కుచ్చిళ్ళు విడిపోయి నోళ్ళు తెరుస్తాయి, కూర్చున్నప్పుడు తోలు తెగేంత ఒత్తిడి పడుతుంది.

పై ఏప్రన్ మధ్యలో టార్టన్ గళ్ళలోని ఒక నిలువు చార సరిగ్గా బొడ్డు మీదుగా దిగేలా బాగా కుట్టిన కిల్టులు తయారవుతాయి. అది నిలువుగా ఉందో లేదో చూస్తే చాలు, కట్టు ఒంకరపోయిందో లేదో తెలిసిపోతుంది. కిల్టు పిన్ను కుడివైపు కింది మూలలో, పోగుల అంచు నుంచి రెండంగుళాలు లోపలికి, కింది నుంచి మూడు నాలుగు అంగుళాలు పైకి. అది పై ఏప్రన్ ఒక్కదానికే గుచ్చాలి. గాలికి ఎగరకుండా రెండు పొరలనూ కలిపి గుచ్చేవాళ్ళను చూస్తుంటాం. కూర్చున్నప్పుడు రెండు ఏప్రన్లూ ఒకదాని మీద ఒకటి జరగాలి. కలిపి గుచ్చితే ఆ కదలిక ఆగిపోయి, బట్ట పిన్ను దగ్గర చిరుగుతుంది.

స్పోరన్: బరువు తుంటి మీదే

ముందు ఏప్రన్‌కు కుట్లు లేవు, కుచ్చిళ్ళూ లేవు. నిలబడ్డప్పుడు గాలికి, కూర్చున్నప్పుడు మోకాళ్ళ కదలికకు కదిలేది అదే. దాని మీద కాస్త బరువు ఉంచే సాధనం స్పోరన్. జేబులు లేని బట్టకు అది జేబు కూడా, అయితే జేబుగా చూసి ఫోను, పర్సు, తాళాలగుత్తి అన్నీ కుక్కితే మొదటి పని చెడుతుంది.

దాని పై అంచు నడుము కోటు (వెయిస్ట్‌కోటు) కింది కొస నుంచి గానీ, బెల్టు బకిల్ నుంచి గానీ ఓ బెత్తెడు కిందుగా ఉండాలి. ఎక్కువమంది చేసే తప్పు దాన్ని ఇంకా కిందికి వదలడం. అలా వదిలితే ప్రతి అడుగుకూ తొడ దాన్ని ఎగరేస్తుంది, అది తిరిగి వచ్చి తగులుతుంది. మరీ పైకి కడితే కూర్చోగానే దాని లోహపు పై అంచు పొట్టలో గుచ్చుకుంటుంది. బెత్తెడు దూరంలో ఉంటే నిలబడ్డప్పుడు తొడల కదలికకు పైన, కూర్చున్నప్పుడు ఒళ్ళో పడుతుంది. కూర్చున్నప్పుడు ఏప్రన్‌ను రెండు తొడల మధ్య నొక్కి పట్టేది కూడా అదే.

పట్టీ సంగతి ఇంకా ముఖ్యం. వెనక భాగం తోలు, రెండు పక్కలా గొలుసులు. ఈ తోలు భాగం తుంటి పై భాగం మీదుగా పోయి వెనక బిగుస్తుంది. వదులుగా ఉంటే పిరుదుల మీదికి జారి, స్పోరన్‌ను తనతోపాటు కిందికి దించుతుంది. బిగువు ఎక్కువైతే కుచ్చిళ్ళ పై భాగాన్ని నొక్కేసి, కింద వాటిని విచ్చగొడుతుంది. నిలబడి, లోపల రెండు వేళ్ళు దూరేంత వదులు సరిపోతుంది. స్పోరన్‌లో వేసుకోబోయే వస్తువులన్నీ వేశాకే బిగువు చూసుకోవాలి. ఖాళీ స్పోరన్‌కు సరిపోయిన రంధ్రం ఫోను పడ్డాక సరిపోదు.

కిల్టు వెనక నడుము దగ్గర రెండు గట్టి గుడ్డ లూపులుంటాయి. స్పోరన్ పట్టీని వాటిలోంచి పోనిస్తే జారదని కొందరు, అవి బెల్టుకోసమే పెట్టినవని, పట్టీ వాటిని పైకి లాగి కిల్టు వెనక భాగాన్ని ముడతలు పెడుతుందని కొందరు. నా ఉద్దేశంలో నడుము కోటు వేసుకుని బెల్టు లేనప్పుడు లూపుల్లోంచి పోనివ్వడమే మేలు, తేలికపాటి స్పోరన్ అయితే. బరువైనదైతే, బెల్టు పెట్టుకునే పగటి దుస్తుల్లో, బెల్టు నుంచి వేలాడే తోలు హ్యాంగర్లు దొరుకుతాయి. బరువు వెడల్పాటి బెల్టు మీదికి మారుతుంది, తుంటి మీద పట్టీ ఒరుసుకునే బాధే ఉండదు. ఇది సంప్రదాయం కాదని ఆక్షేపించేవాళ్ళున్నారు. తుంటి ఎముకలు పొడుచుకొచ్చిన సన్నటి మనుషులకు గొలుసు పట్టీ ఎంత సరిగ్గా కట్టినా నొప్పే. వాళ్ళ విషయంలో ఆ ఆక్షేపణకు బలం లేదు.

ఏ స్పోరన్ ఎప్పుడన్నది కూడా కొంతవరకు ఈ లెక్కలోకే వస్తుంది. పగటిపూట తోలుది, మూడు చిన్న కుచ్చులతో. సాయంత్రం ప్రిన్స్ చార్లీ అనే పొట్టి విందు కోటుతో, బొచ్చు ముఖం, లోహపు పై అంచు ఉన్నది. రెంటికీ మధ్య రకం, అంత లాంఛనం కాని ఆర్గైల్ కోటుతో బాగా కుదురుతుంది. బ్యాండ్లలో బ్యాగ్‌పైపు వాయించేవాళ్ళు వేసుకునే గుర్రపు వెంట్రుకల స్పోరన్ పొడవు, బరువు రెండూ వేరు, పెళ్ళి విందుకు దాన్ని వేసుకోవడం మనకు మనమే కష్టం తెచ్చుకోవడం. సాయంత్రపు స్పోరన్ల లోపలి అర చిన్నది. చాలావాటికి ఇవాళ్టి పెద్ద ఫోను దూరదు, తెచ్చుకునే ముందే పెట్టి చూడాలి. కేలీ నృత్యానికి (విందుల్లో అందరూ కలిసి ఆడే స్కాటిష్ నృత్యం) లేచేముందు స్పోరన్‌ను పక్క తుంటి మీదికి తిప్పుకోవాలి. కారు నడిపేటప్పుడూ అంతే. ఎగిరే నృత్యంలో ముందున్న లోహపు అంచు ఎక్కడ తగులుతుందో ఆలోచిస్తే ఈ అలవాటు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. పాత సాయంత్రపు స్పోరన్లలో సీల్ చర్మంతో చేసినవి చాలా ఉంటాయి. సముద్ర క్షీరదాల రక్షణకు 1972లో చేసిన చట్టం ప్రకారం అమెరికాలోకి వాటిని తీసుకెళ్ళడం సాధారణంగా నిషేధం. యూరోపియన్ యూనియన్ కూడా 2009లో సీల్ ఉత్పత్తుల వ్యాపారం మీద ఆంక్షలు పెట్టింది. అమెరికాలో ఉంటూ స్కాట్లండ్ చూడటానికి వెళ్ళేవాళ్ళు సెకండ్‌హ్యాండ్ దుకాణంలో ముచ్చటపడి కొనేముందు ఏ జంతువు చర్మమో అడగండి. ఆవు చర్మం, కుందేలు బొచ్చు వాటితో చేసినవి చూపులో ఏమీ తీసిపోవు.

కూర్చోవడం, లోదుస్తులు, కాళ్ళు

కూర్చునే ముందు చేతిని వెనక్కి పోనిచ్చి కుచ్చిళ్ళను పిరుదుల కిందినుంచి ఒక్కసారి కిందికి నిమరాలి. నిమరకుండా కూర్చుంటే కుచ్చిళ్ళు అడ్డంగా మడత పడి నలిగిపోతాయి, మందపాటి ఉన్ని ముద్ద మీద కూర్చున్నట్టుంటుంది. ముందు ఏప్రన్ తొడల మధ్యకు దించి, మోకాళ్ళు దగ్గరగా ఉంచితే చాలు. భయపడాల్సింది ఏమీ లేదు.

లోపల ఏమీ వేసుకోకపోవడమే అసలు పద్ధతన్న మాట గురించి. అది సైన్యంలోని హైలాండ్ (స్కాట్లండ్ ఉత్తరాది కొండప్రాంతపు) రెజిమెంట్ల ఆచారంగా ప్రచారంలోకొచ్చింది. 2010లో టార్టన్ల సంగతి చూసే సంస్థ స్కాటిష్ టార్టన్స్ అథారిటీ తరఫునే ఇది అపరిశుభ్రమన్న మాట వచ్చింది. అద్దె కిల్టు నిన్న ఎవరు కట్టారో, రేపు ఎవరు కడతారో తెలియదు. ఉన్ని చెమటను పీల్చుకుంటుంది, డ్రైక్లీనింగ్ తరచుగా పడదు. నడక ఎక్కువైతే తొడలు ఒరుసుకుని మండుతాయి. తొడలు పట్టేలా ఉండే ముదురు రంగు కాటన్ డ్రాయరు వేసుకోవడంలో తప్పు పట్టడానికి ఏ కారణమూ నాకు కనిపించదు.

మేజోళ్ళ పై మడత మోకాలిచిప్ప కింద మూడు వేళ్ళ దూరంలో ఆగాలి. పైకి లాగితే మోకాలు వంచినప్పుడల్లా మడత వెనక ఇరుక్కుంటుంది. మేజోడును పట్టి ఉంచే పట్టీ, గార్టరు, పిక్క ఉబ్బుకు పైన, కాలు సన్నబడే చోట ఉంటే వదులుగా పెట్టినా నిలుస్తుంది. పిక్క మీద పెడితే నిలవడానికి బిగించాలి, రాత్రికి ఎర్రటి వలయం మిగులుతుంది. దానికి వేలాడే రంగు గుడ్డ కొసలు కాలికి బయటి వైపు, మడత కింద ఓ అంగుళం పైచిలుకు కనిపిస్తే చాలు.

నాలుక లేని గిల్లీ బూట్ల పొడవాటి లేసులు మరో చిక్కు. పిక్క దాకా అల్లుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువ, కాసేపటికి అవి జారి చీలమండ దగ్గర కుప్ప పడతాయి. లేసుల్ని మొదట ముడివేసి, నాలుగైదుసార్లు మెలిపెట్టి, చీలమండకు కాస్త పైన వెనక్కి తిప్పి, ముందుకు తెచ్చి కొంచెం పక్కగా ముడివేస్తే అక్కడితో సరి. మేజోడులో పెట్టుకునే చిన్న కత్తి జాతీయ వేషధారణలో భాగంగా స్కాట్లండ్ చట్టం ఒప్పుకుంటుంది, విమానంలో చేతి సామానుకు ఆ మినహాయింపు లేదు.

ఇదంతా నిన్నమొన్నటి కల్పన కాదా?

నా వాదనకు గట్టి అభ్యంతరం ఇక్కడ ఉంది. సరైన కిల్టు అన్న ఊహే ఇటీవలిదని చరిత్రకారులు చెబుతారు. 1822 ఆగస్టులో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ నడిపించిన వేడుకలతో ఈ దుస్తులకు రాజదర్జా వచ్చింది. నగలు, ఆయుధాలతో సహా 1,354 పౌండ్లకు పైగా ఖర్చుపెట్టి తయారుచేయించిన వేషంలో ఆ రాజుగారి కిల్టు మోకాళ్ళకు బాగా పైన ఉంది, లోపల లేత గులాబీ రంగు బిగుతు మేజోళ్ళు. రాజే తప్పుగా కట్టినప్పుడు నియమాలకు ఏం పునాది?

చరిత్ర పునాది అయితే నిజంగానే బలహీనం. వంశానికొక టార్టన్, ఏ కోటుతో ఏ టై లాంటివి చాలావరకు ఆ శతాబ్దపు అలవాట్లు. వాటిని పాటించినా పాటించకపోయినా ఒంటికి తేడా తెలియదు. నేనవి పాటించమనే అంటాను, పెళ్ళివారి పట్ల గౌరవంగా. నడుము ఎత్తు, లోపలి పట్టీ, పిన్ను ఒక్క పొరకే గుచ్చడం, స్పోరన్ ఎత్తు మాత్రం ఆ జాబితాలోవి కావు. ఇంకో విషయం. ఇప్పటి పొట్టి కిల్టు పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం, 1720ల్లో హైలాండ్స్‌లో ఇనుప కొలిమి నడిపిన రాలిన్సన్ అనే ఇంగ్లీషువాడు, భుజాల మీదికి చుట్టుకునే పాత పొడవాటి ప్లాయిడ్ పనికి అడ్డమొస్తోందని కింది సగాన్ని విడదీయించాడు. ఆ ఘనత ఆయనది కాదని వాదించేవాళ్ళున్నారు. ఎవరిదైనా, పై సగం పోయింది పని సులువు కోసమన్నదే వినిపించే కారణం.

నా వాదన నిజంగా ఇబ్బందిపడే చోటు వేరే ఉంది: పొట్ట. బొడ్డు దగ్గరే ఒళ్ళు బాగా వెడల్పుగా ఉన్నవాళ్ళకు నేను పైన చెప్పిన సన్నటి చోటు లేదు. ఎంత బిగించినా కిల్టు పొట్ట కిందికి జారుతుంది, పొట్ట పైన నిలిపితే ముందు అంచు లేచి వెనకది దిగుతుంది. అద్దె కిల్టుల్లో దీనికి పూర్తి పరిష్కారం లేదు. నడుము కోటు లోపల కనిపించకుండా సస్పెండర్లు పెట్టుకుంటే బరువు భుజాల మీదికి పోతుంది, చాలామందికి అది చాలు. కొనేవాళ్ళు మాత్రం ముందు పొడవు, వెనక పొడవు విడివిడిగా కొలిచి కుట్టేవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

తేలికపాటి పాలియెస్టర్-విస్కోస్ కిల్టుల విషయంలోనూ కొంత ఒప్పుకోవాలి. 5 గజాల పల్చటి బట్ట వేసవి మధ్యాహ్నానికి హాయిగా ఉంటుంది, ఉతకవచ్చు. కానీ గాలికి అది లేచినంతగా 16 ఔన్సుల ఉన్ని లేవదు, కూర్చుని లేచాక కుచ్చిళ్ళు వాటంతటవి సర్దుకోవు. గాలికి జంకేవాళ్ళకు బరువైన బట్టే నిశ్చింత.

విప్పాక చేయాల్సినవి కొద్దిగానే ఉన్నాయి. స్పోరన్ వెనక తోలు ఏప్రన్ మీద రాసుకున్న చోట నూగు లేచి ఉంటే మెత్తటి బ్రష్షుతో కిందివైపుకు దువ్వాలి. తడిస్తే హీటరుకు దూరంగా వేలాడదీయాలి. బీరువాలో నడుము అంచుకు క్లిప్పులు పెట్టి వేలాడదీయాలి, మడతపెట్టకూడదు. ప్రయాణంలో పొడవునా రెండుగా మడిచి, చాపలా చుట్టి, పాత పొడుగు మేజోడులోకి దూర్చితే కుచ్చిళ్ళు కదలవు. ఇస్త్రీకి ఇచ్చేముందు కుచ్చిళ్ళను కింది దాకా దారంతో టాకాలు వేసి పట్టి ఉంచాలి, ఆ పని చేయని లాండ్రీకి ఉన్ని కిల్టు ఇవ్వవద్దు.